గురిగింజెత్తు

కొల్లాపూర్ అంగట్ల నా దుకాణం పక్కదే
దస్తగిరి సాబు తుపాకుల మరమ్మతు కొట్టు.
బోర్డు మీద సగం ఉర్దూ, సగం తుప్పు.
నెలకోసారి వచ్చి
"ఆచారీ, నీ తరాజు ఒక గంట ఇయ్యి" అంటుండె.
బంగారం తూచే తరాజు.
ఫ్యాను బందు చేసి, అద్దాల పెట్టెతోనే ఇస్తుంటి.

కుర్మయ్య పటేలు రైఫిలు కోసం అది.
వాళ్ల తాతది, సంస్థానం వేటల కాలంది.
ఎలక్షన్లొస్తే ఠాణాల పండుకుంటది,
అయిపోయినంక రశీదు చూపించి తెచ్చుకుంటరు.
దాని తూటా ఇప్పుడు యాడ దొరకది.
ఇత్తడి గొట్టాలు పదకొండే మిగిలినయి,
కాల్చినవే ఏరుకొచ్చి, కడిగి, మళ్ల నింపుడు.
పల్లిచేన్ల పందులు పడ్డ రాత్రి
పేల్చినంక పటేలు పందిని చూడడు,
గొట్టం యాడ పడ్డదో చూస్తడు.

సాబు మందు నింపుతుంటే చూడాలె.
ఊపిరి గూడ అడిగి తీసుకునేటోడు.
పక్కన పాత ఆకుపచ్చ డబ్బా.
"గురిగింజెత్తు ఎక్కువైతే ఆచారీ..."
అంటుండె. ఆ మాట ఎన్నడు పూర్తి చెయ్యలే.
ఎడమచెయ్యి చూపుడువేలు లేని జాగల
బొటనవేలితోని రాసుకుంటుండె.

మొన్నటి వానకాలం డబ్బా అడుగు కనబడ్డది.
పటేలు అల్లుడు శ్రీశైలం ఒక పొట్లం తెచ్చిండు,
యాడికెళ్లి తెచ్చిండో చెప్పలే.
"గిది గూడ గంతే సాబూ. గదే రంగు, గదే పలుకు.
పేరొక్కటే వేరు."
నా తరాజుల అటు చిటికెడు, ఇటు చిటికెడు పోసి
ముల్లు నడుమ నిలబడంగనే నా దిక్కు చూసిండు,
సాక్ష్యం చెప్పమన్నట్టు.
నేనేం చెప్తా.
కొంగుముడి విప్పి ఇత్తడిని నా ముందర పెట్టి
బంగారమని కూసున్నోళ్లను ఎందర్ని చూసిన!
వాళ్లకు చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తం.

సాబు బెంగుళూరు పెంకు ఒకటి బోర్లేసిండు.
రెండు చిటికెలు, జానెడు ఎడం. అగ్గిపుల్ల.
పాతది కాలింది
ముసలోడు సద్దిమూట విప్పినట్టు, తొందర లేకుంట.
కొత్తది
కాలుతుంటే చూస్తా అనుకున్న. చూడలే.
పెంకు మీద మచ్చ మిగిలింది.

"కొంచెం తక్కువ పోద్దాం మరి" అన్నడు శ్రీశైలం.
"ఎంత తక్కువ?"
"కొంచెం."
"ఆ కొంచెం ఎంతనో ఎవరు చెప్పాలె బేటా?
ఈ గొట్టం పుట్టిననాడు ఆ మందు పుట్టలే.
ఇద్దరికి పరిచయం లేదు.
తరాజు బరువు చెప్తది, కోపం చెప్పది."
అని, మూడు చాయ్‌లు తెమ్మన్నడు.
ఒకటి ఎక్కువ చక్కెరతోని, శ్రీశైలానికి.

ఆ వేలు మందుకే పోయిందని ఊరంత అనుకున్నరు.
కాదు. చెరుకురసం మిషన్ల పోయింది, పదేండ్లప్పుడు.
సాబు మట్టినాడు తెలిసింది నాకు.
వచ్చినోళ్లల్ల ఒకాయన, నల్లద్దాలు,
మనుమని భుజం మీద చెయ్యేసి నడుస్తున్నడు.
"తమ్ముడు, చాంద్‌పాషా" అన్నరు ఎవరో.
"ఇద్దరు కలిసే నేర్చుకున్నరు పని.
ఆనాడు మందు అన్న కలిపిండు, తమ్ముడు పేల్చిండు."
అంతకంటె నేను అడగలే.

పదకొండు గొట్టాలు పటేలు అటక మీద ఉన్నయి.
అమ్ముతవా అని అడిగిన, ఇత్తడి ధరకు.
ఇయ్యనన్నడు.
చేను సుట్టు పాతచీరలు కట్టిండ్రు,
ఆకుపచ్చ డబ్బాల గులకరాళ్లేసి తాడుకు వేలాడదీసిండ్రు.
గాలికి మోగుతది. పందులు రెండురోజులు భయపడ్డయట.

నా తరాజు పళ్లెం మూడుసార్లు కడిగిన,
చింతపండుతోని, తర్వాత కుంకుడుకాయతోని.
ఆ పొట్లంల పలుకు ఒకటి ఏ సందుల ఇరికిందో.
ముల్లు నడుమకు వచ్చే ముందర
ఇప్పటికీ ఒకసారి
అటు వంగి చూస్తది.